షక్కుల సిస్టరు

మొన్న మంచిర్యాల నుంచి గోదావరిఖని వస్తున్న బస్సులో నా వెనక సీట్లో ఎవరో దగ్గారు. తల తిప్పకుండానే తెలిసిపోయింది, అది దొంగ దగ్గు. నిజం దగ్గు మనిషిని అడిగి రాదు. మాట మధ్యలో, నవ్వు మధ్యలో, ముద్ద నోట్లో పెట్టుకోబోతుండగా వస్తుంది. దొంగ దగ్గుకు మర్యాద ఎక్కువ. మాట పూర్తయ్యేదాకా ఆగి, ఎదుటివాళ్లు వింటున్నారో లేదో చూసుకుని, అప్పుడు వస్తుంది. వెనకాయన ఫోనులో ఎవరితోనో "పెయ్యి బాగలేదు సార్, ఇయ్యాల డ్యూటీకి రాలేను" అంటున్నాడు. ఫోను పెట్టేశాక గోదావరి వంతెన వచ్చేదాకా పక్కాయనతో ఏదో పెళ్లి భోజనాల గురించి మాట్లాడాడు, ఒక్కసారి కూడా దగ్గలేదు. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు వెంటే రజియా సిస్టర్ గుర్తొచ్చింది. ఆమె ఉండి ఉంటే వెనక్కి తిరిగి, "ఏమన్నా, నీ దగ్గు మంచిర్యాల్లనే దిగిపోయిందా?" అని అడిగేది.

రజియా సిస్టర్ మా కాలనీ డిస్పెన్సరీలో హెడ్ నర్సు. ఊళ్లో ఆమెను ఆ పేరుతో పిలిచినవాళ్లు తక్కువ. అందరికీ ఆమె షక్కుల సిస్టరు. షక్కు అంటే అనుమానం. అది ఆమె ఇంట్లో మాట్లాడుకునే దక్కనీ మాటే అయినా మా దిక్కు అందరి నోళ్లలోనూ నలిగేదే. పొడుగ్గా, ఎండిన జొన్నకర్రలా ఉండేది. కళ్లద్దాలు ముక్కు చివర, చూపు అద్దాల పైనుంచి. పాలవాణ్ని నమ్మదు, మందుల కంపెనీ మనిషిని నమ్మదు, ఆఖరికి థర్మామీటరును కూడా నమ్మదు. ముందు తన చంకలో పెట్టుకుని చూసి, అది సరిగ్గా చూపించిందని తేలాకే రోగి చంకలో పెట్టేది. నేను ఈ రోజు నలుగురి ఆరోగ్యం గురించి ఆలోచించే ఉద్యోగం చేస్తున్నానంటే, దాని కోసం సముద్రాలు దాటి చదువుకొచ్చానంటే, ఆ చదువుకు మొదటి పంతులమ్మ ఆమే. ఆమె నాకు దయ నేర్పలేదు, సేవ నేర్పలేదు. అనుమానించడం నేర్పింది.

మా బొగ్గు బావుల సంగతి తెలియనివాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఎక్కడైనా డాక్టరు 'నీకేం లేదు, గట్టిగా ఉన్నావు' అంటే మనిషి సంతోషంగా ఇంటికి పోతాడు. మా దగ్గర కొంత వయసు దాటిన కార్మికుడు ఆ మాట వింటే ఏడుపు ముఖం పెట్టుకుని బయటికి వస్తాడు. రోగం వల్ల బావిలో దిగలేడని కంపెనీ మెడికల్ బోర్డు అతణ్ని అన్‌ఫిట్ చేస్తే ఆ డ్యూటీ, అంటే ఆ ఉద్యోగం, కొడుక్కి దొరుకుతుంది. అందుకే మా కాలనీలో 'ఫలానా ఆయన అన్‌ఫిట్ అయిండట' అనే మాట శుభవార్త. నిజంగా ఊపిరితిత్తులు చెడిపోయి, నడుములు విరిగి అన్‌ఫిట్ అయ్యేవాళ్లే ఎక్కువ మంది, వాళ్లను చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. కానీ వాళ్ల చాటున నటించేవాళ్లూ ఉండేవాళ్లు. వయసులో ఉన్నప్పుడు గుండెదడ ఉన్నా, చెవి వినపడకున్నా దాచిపెట్టి కిందికి దిగినవాడే, కొడుకు చదువు అయిపోయేసరికి లేని నొప్పులన్నీ ఒంటికి తెచ్చుకుంటాడు. ఒకే మనిషి, రెండు అబద్ధాలు. రెండూ ఇంటి కోసమే.

సిస్టర్ కుర్చీ కిటికీ పక్కన ఉండేది. అక్కడినుంచి డిస్పెన్సరీ గేటు కనిపిస్తుంది. గేటు దాటకముందు మనిషి ఎట్లా నడుస్తున్నాడు, దాటాక ఎట్లా నడుస్తున్నాడు, ఆమె చూసేది ఆ రెండే. బయట ఆటో దిగి చెంగున వచ్చినవాడు గేటు లోపలికి అడుగు పెట్టగానే నడుం పట్టుకున్నాడంటే అతని కేసు అక్కడే తేలిపోయేది. లోపలికి వచ్చినవాణ్ని రోగం గురించి అడిగేది కాదు. ఒకసారి నా కళ్లముందే, ఆయాసంతో రెండు మాటలు కూడా కలపలేకపోతున్నానని వచ్చిన ఒక పెద్దాయనను కూర్చోబెట్టి, "కాక, ఈసారి యూనియన్ ఎలక్షన్ల ఎవరొస్తరంటవ్?" అని అడిగింది. ఆ పెద్దాయన యూనియన్ మనిషి. ఇక చూడండి, ఏ బావిలో ఎవరి బలమెంతో, ఎవరు ఎవరిని ముంచుతారో ఊపిరి తీసుకోకుండా ఏకరువు పెట్టాడు. అంతా విని సిస్టర్ అద్దాల పైనుంచి చూస్తూ, "మంచిగ చెప్పినవ్ కాక. ఇంతసేపు నీ ఆయాసం ఏ పార్టీల ఉన్నది?" అంది. క్యూలో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. పెద్దాయన కూడా నవ్వాడు, ఏం చేస్తాడు.

నేను డిగ్రీ పాసై ఇంట్లో ఖాళీగా ఉన్న రోజుల్లో మా బాపు దగ్గడం మొదలుపెట్టాడు. మా దిక్కు నాన్నను బాపు అంటాం, అమ్మను అవ్వ అంటాం. బాపు బావిలో కోల్‌కట్టరు, కండ తిరిగిన మనిషి, జలుబు చేసి పడుకున్న జ్ఞాపకం కూడా నాకు లేదు. అవ్వ ఇంట్లో బీడీలు చేసేది. చాట ఒళ్లో పెట్టుకుని రోజంతా తంబాకు దుమ్ములో కూర్చునేది కాబట్టి ఆమె దగ్గు మాకు పొయ్యి మీద అన్నం ఉడికే చప్పుడుతో సమానం, ఎవరి చెవికీ ఎక్కేది కాదు. బాపు దగ్గు మాత్రం చెవికెక్కింది, ఎందుకంటే అది అచ్చం అవ్వ దగ్గులాగే ఉండేది. రెండు చిన్నవి, ఒక పెద్దది, ఆ తర్వాత ఛాతీ మీద చెయ్యి. ఇంట్లో ఉన్న దగ్గునే చూసి నేర్చుకున్నాడని నాకు అర్థమైంది. ఎవరి కోసం నేర్చుకున్నాడో కూడా అర్థమైంది. నేనేమీ అనలేదు. బీఎస్సీ పాసై సెల్‌ఫోన్ దుకాణం ముందు కూర్చుని పొద్దు పుచ్చేవాడికి డ్యూటీ వస్తుందంటే చేదా?

ఒకరోజు పొద్దున బాపు నన్ను తోడు తీసుకుని డిస్పెన్సరీకి వచ్చాడు. చేతిలో ఛాతీ ఎక్స్‌రే, బయట ప్రైవేటు ల్యాబులో తీయించినది, మీద బాపు పేరు రాసి ఉంది. సిస్టర్ ఆ ఫిల్మును కవరులోంచి తీసి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది. చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"కాక, నీకు పెండ్లయిందా?"

"అయింది సిస్టర్. గీ పిలగాడు నా కొడుకే."

"మరి పుస్తెలు ఆమెకు నువ్వు కట్టినవా, నీకు ఆమె కట్టిందా?"

ఫిల్ము మీద, ఛాతీ నడిమధ్యన, రెండు తెల్లని గుండ్రని బిళ్లలు పక్కపక్కనే మెరుస్తున్నాయి. ల్యాబులో అన్నీ తీయించారు కానీ పుస్తెలు తీయడానికి మనిషి ఒప్పుకోలేదన్నమాట. క్యూ మొత్తం గొల్లుమంది. బాపు దొంగకు తేలు కుట్టినట్టు నోరు మెదపకుండా నిలబడ్డాడు. భూమి చీలితే దూరిపోదామనిపించింది నాకు. సిస్టర్ కూడా నవ్వబోయింది, ఆమె పెదవులు కదలడం నేను చూశాను. కానీ ఆమె కళ్లు ఇంకా ఫిల్ము మీదే ఉన్నాయి. పుస్తెల మీద కాదు, వాటి పైన, కుడి భుజం కింద ఉన్న తెల్లటి మరక మీద. నవ్వు ఆగిపోయింది.

"ఇది మీ ఆమెదే గదా? యాడుంది ఆమె?"

"ఇంట్ల."

"ఆమెను ఎక్స్‌రేకు ఎందుకు తోల్కపోయినవ్ కాక? ఆమె దగ్గుతున్నదనా, నీకు గీ ఫొటో కావాలననా?"

బాపు తల ఎత్తలేదు. నేను ఆయన ముఖంలోకే చూస్తూ నిలబడ్డాను. 'ఆమె దగ్గుతున్నదనే' అని ఒక్క మాట అంటాడని ఎదురుచూశాను. అనలేదు. ఇంట్లో మనిషి ఊపిరితిత్తి చెడిపోతే, దాన్ని ఒక పనికొచ్చే కాగితంలా చంకలో పెట్టుకుని వచ్చాడా మా బాపు? ఆ అనుమానం ఆ క్షణంలో నాలో పడింది.

సిస్టర్ క్యూను అలాగే వదిలేసి మా వెంట క్వార్టరుకు నడిచింది. అవ్వ వాకిట్లో చాట ముందు కూర్చుని ఉంది. సిస్టర్ ఆమెను లోపలికి తీసుకెళ్లి, మమ్మల్నిద్దరినీ బయట నిలబెట్టి తలుపేసింది. చాలాసేపటికి బయటికి వచ్చి, "రేపు పొద్దుగాల పెద్ద దవాఖానకు తోల్కరావాలె. ఇద్దరు రండి. ఒక్కనితోని పంపియ్యకు, బేటా, నాకు షక్కు" అంది నాతో, బాపు ముందే. టీబీ అని తేలింది. ముదిరింది కానీ చెయ్యి దాటలేదన్నారు. ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేమని కూడా అన్నారు. ఆ చివరి మాట బాపు వైపు చూస్తూ విన్నాను.

బాపు మీద ఫిర్యాదు వెళ్తుందని, ఉద్యోగం మీదికి వస్తుందని కాలనీ అంతా గుసగుసలు పోయింది. వెళ్లలేదు. సిస్టర్ ఆ ఫిల్ము మీద పేరు కొట్టేసి అవ్వ పేరు రాసి బీరువాలో పెట్టేసింది. దాంతో నాకు ఆమె మీద కూడా అనుమానం పుట్టింది. ఊరందరినీ పట్టిచ్చే మనిషి మమ్మల్ని ఎందుకు వదిలేసింది? రేపు దీన్ని అడ్డం పెట్టుకుని మా చేత ఏం చేయించుకుంటుంది? ఆమె అక్క కొడుకుకు కూడా డ్యూటీ కావాలట, అందుకే నా దారికి అడ్డం పడిందని ఒకరన్నారు. నేను నమ్మాను కూడా. ఆ కాలంలో నాకు నమ్మాలనిపించినవి అన్నీ చెడ్డ మాటలే.

ఆమె చేయించుకున్న పని ఒకటే. అవ్వను రోజూ డిస్పెన్సరీకి తీసుకురమ్మంది. తన ఎదుట మాత్రలు మింగించి, "నోరు తెరువు చెల్లె. నాలుక లేపు. ఇంక లేపు" అని టార్చి వేసి చూసేది. అవ్వ సిగ్గుతో చచ్చిపోయేది. "నా మీద సుత నమ్మకం లేదా సిస్టర్?" అంటే, "నీ మీదనే అసలు లేదు" అనేది. ఆ మాట ఎందుకంత గట్టిగా అనేదో అప్పుడు నాకు తెలియదు. కొన్నాళ్లకు అవ్వ ముఖం తేరుకుంది, తిండి సయించింది. నేను బాపుతో మాట్లాడటం మానేశాను. ఒకే ఇంట్లో ఉంటూ, ఏదైనా చెప్పాల్సి వస్తే అవ్వతో చెప్పించేవాణ్ని. ఆయన కూడా ఎన్నడూ నన్ను పిలిచి 'గది గట్ల కాదు బిడ్డా' అనలేదు. షిఫ్టుకు పోయేవాడు, వచ్చేవాడు. దగ్గడం మాత్రం ఆ రోజుతో ఆగిపోయింది.

"ఖాళీగుంటె లేనిపోని షక్కులొస్తయ్. నా యెంబడి రా" అని సిస్టర్ నన్ను తన వెంట తిప్పుకోవడం మొదలుపెట్టింది. టీబీ వచ్చిన ప్రతి ఇంటికీ పోయి మిగతావాళ్లకు ఉందేమో చూసే పని. ఇంట్లోకి పోగానే ఇంటాయన ముందుకొచ్చి అందరి తరఫునా మాట్లాడేవాడు. "మా ఇంట్ల అందరు మంచిగున్నరు సిస్టర్, ఏం ఫికర్ లేదు." ఆమె సరేనని తల ఊపి, మంచినీళ్లు అడిగేది. దాహం వేసి కాదు. నీళ్లు ఎవరు తెస్తారో, ఎట్లా నడిచి తెస్తారో, గ్లాసు ఇచ్చాక గోడకు ఆనుకుంటారేమో చూడటానికి. మందమర్రిలో ఒక ఇంట్లో అట్లాగే కోడలు నీళ్లు తెచ్చింది. పుల్లలా ఉంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బయటికి వచ్చాక సిస్టర్ నాతో అంది, "మాట్లాడేటోణ్ని చూసుడు అందరికి వస్తది బేటా. వాడు ఎవలకు అడ్డం నిలబడ్డడో చూడాలె." ఆ అమ్మాయికి కూడా టీబీయే. ఆ రోజు నాకు ఈ పని మీద ఇష్టం పుట్టింది. అన్నం పెట్టే పని అవుతుందో లేదో తెలియదు కానీ, ఇది చేయదగ్గ పని అనిపించింది.

కొన్నేళ్లు ఆ పనిలోనే ఉండి, ప్రజారోగ్యం చదవడానికి ఇంగ్లండులో ఒక యూనివర్సిటీ స్కాలర్‌షిప్ ఇస్తుందని తెలిసి దరఖాస్తు పెట్టినప్పుడు మొదట చెప్పింది సిస్టర్‌కే. ఆమె టీ కప్పు కింద పెట్టింది.

"వాళ్లే తోల్కపోయి, వాళ్లే సదివిస్తరా? ఏమాశించి?"

"మంచి పని చేసేవాళ్లను తయారు చెయ్యాలని, సిస్టర్."

"ఝూట్. నాకు షక్కు. అడుగు వాళ్లను."

నిజంగానే అడిగాను. ఇంటర్వ్యూలో 'మీరేమైనా అడగాలనుకుంటున్నారా' అంటే, నా కోసం ఇంత ఎందుకు చేస్తున్నారని, దాని వల్ల మీకేం లాభమని అడిగేశాను. వాళ్లు ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, తర్వాత నవ్వారు. సీటు వచ్చాక ఆ ప్రశ్న వల్లే వచ్చిందేమోనని చాలాసార్లు అనుకున్నాను. సిస్టర్ మాత్రం ఆ నవ్వు మీద కూడా అనుమానపడింది. బయలుదేరే రోజు బాపు బస్టాండుకు వచ్చాడు. సూట్‌కేసు బస్సు పైకి ఎక్కించి, పక్కన నిలబడ్డాడు. నేను అవ్వకు దండం పెట్టాను, సిస్టర్‌కు పెట్టాను. ఆయనకూ పెట్టాను, ముఖం చూడకుండా.

అక్కడ మాకు దేశదేశాల ఆరోగ్య వ్యవస్థలను పక్కపక్కన పెట్టి చెప్పేవారు. ఎక్కడ ప్రభుత్వం వైద్యం చేయిస్తుంది, ఎక్కడ యజమాని చేయిస్తాడు, ఎక్కడ జేబులోంచి పెట్టుకోవాలి, దాని వల్ల మనుషులు ఎట్లా మారతారు. మా దిక్కున వైద్యం చూపించే కంపెనీ, పనిలో పెట్టుకునే కంపెనీ ఒకటే కావడం గురించి నేను అంతకుముందు ఎన్నడూ ఆలోచించలేదు, చేప నీళ్ల గురించి ఆలోచించనట్టు. ఒకరోజు మా పంతులమ్మ, తెల్లజుట్టు పెద్దావిడ, ఆ దేశంలో ఒంట్లో బాగాలేకపోతే మొదటి కొద్ది రోజులకు డాక్టరు కాగితం అవసరం లేదని, పనిచేసే మనిషి తన మాటగా చెప్తే చాలని చెప్పింది. నా చెయ్యి దానంతటదే లేచింది. "అబద్ధం చెప్తే ఎవరు పట్టుకుంటారు?" అని అడిగాను. క్లాసంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. "మీ ఊళ్లో ఎవరు పట్టుకుంటారు?" అని అడిగింది. నేను సిస్టర్ గురించి చెప్పాను. ఆ వారం ఫోనులో ఈ సంగతి సిస్టర్‌కు చెప్తే, "గట్లయితె అందరు పండుకుంటరు గదా" అంది. పండుకోరట సిస్టర్, పనికి వస్తారట అన్నాను. "అక్కడ చలెక్కువ గదా, ఇంట్ల కూసోలేక వస్తుండొచ్చు" అంది. ఆ దేశం మీద ఆమె అనుమానం ఆఖరిదాకా పోలేదు.

నాదీ పోలేదు. జ్వరమొచ్చి అక్కడి డాక్టరు దగ్గరికి పోతే, ఆయన నా ముఖంలోకి చూసి, మీకు దేని గురించి భయంగా ఉంది అని అడిగాడు. నాకు షక్కు పుట్టింది. ఈయన నా చేత ఏం చెప్పించాలని చూస్తున్నాడు, ఏది రాసుకుని ఎవరికి పంపుతాడు అని. ఏమీ లేదండీ, మామూలు జ్వరమే అని నిటారుగా కూర్చున్నాను. రోగం దాచుకునే మా బావి మనుషులు ఎట్లా కూర్చుంటారో అట్లా. రూముకు వచ్చి పడుకున్నాక నా మీద నాకే జాలేసింది. ఒక మనిషి ఉత్తినే నీ బాగు కోరి అడగవచ్చన్న ఊహ కూడా రానంతగా పెరిగాం కదా అనిపించింది.

చదువులో భాగంగా ఒకసారి మమ్మల్ని పాత బొగ్గు ఊరికి తీసుకెళ్లారు. బావులు మూతపడి ఎంతో కాలమైంది. గుట్టలన్నీ గడ్డి మొలిచి పచ్చగా ఉన్నాయి. ఒక రిటైరైన కార్మికుడి ఇంట్లో కూర్చోబెట్టారు. ఆయన దగ్గుతూ మాట్లాడాడు. నేను అలవాటు కొద్దీ ఆ దగ్గును తూకం వేశాను. నిజం దగ్గు. పైగా దగ్గి సంపాదించుకునేది ఏమీ లేదు, బావి లేదు, డ్యూటీ లేదు. దగ్గితే లాభం లేని చోట దగ్గే గని కార్మికుణ్ని నేను చూడటం అదే మొదలు. మిగతావాళ్లంతా ఆయన్ను ప్రశ్నలడుగుతుంటే నేను మంచినీళ్లు అడిగాను. ఆయన భార్య తెచ్చింది. "ఆయన బావి బట్టలు ఎవరు ఉతికేవారమ్మా?" అని అడిగాను. ఆమె గ్లాసు నా చేతిలో పెట్టి, "నేనే. దులిపి ఉతికేదాన్ని. నా ఛాతీ కూడా ఏం బాగాలేదు. నువ్వే మొదట అడిగింది" అంది. మావాళ్లంతా నా వైపు తిరిగి చూశారు. నాకు లోపల కొంచెం గర్వంగానే అనిపించింది, అబద్ధమెందుకు.

తిరుగు బస్సులో నా పక్కన చాండా కూర్చుంది. జాంబియా దేశపు రాగి గనుల ఊరి పిల్ల, నా సహాధ్యాయి. ఈ నీళ్లు అడిగే విద్య ఎక్కడిదని అడిగితే సిస్టర్ గురించి, పుస్తెలు కనిపించిన ఎక్స్‌రే గురించి మొత్తం చెప్పాను. చాండా పుస్తెల దగ్గర పడీపడీ నవ్వింది. తర్వాత బాపు నోరు విప్పకపోవడం గురించి చెప్పాను, ఆ రోజు నుంచీ ఆయనతో నాకు మాటలు లేవని కూడా. ఆమె నా వైపు తిరిగి, "ఇవాళ ముక్కూముఖం తెలియని ఆవిడను అడిగావు. మీ అమ్మను అడిగావా?" అంది.

"ఏమని?"

"ఎక్స్‌రేకు ఎందుకు వెళ్లావు అని. కాళ్లున్న మనిషే కదా. ఎవరో తీసుకెళ్లారు, ఎవరో తెచ్చారు అంటున్నావు. ఆమె ఏమంది?"

సిస్టర్ అడిగింది బాపును. నేను అనుమానించింది బాపును. మాట్లాడేవాడు ఎవరికి అడ్డం నిలబడ్డాడో చూడాలని నేర్చుకున్న నేను, మా ఇంట్లో మాట్లాడకుండా నిలబడ్డవాడు ఎవరికి అడ్డం నిలబడ్డాడో చూడలేదు.

చదువు ముగించుకుని వచ్చి మంచిర్యాలలో ఉద్యోగంలో చేరాను. అవ్వను అడగాలంటే మాత్రం ధైర్యం చాలలేదు. ముందు సిస్టర్‌ను అడిగాను. అప్పటికి ఆమె రిటైరై ఖనిలోనే చెల్లెలి ఇంట్లో ఉంటోంది. "ఆ రోజు తలుపేసుకుని అవ్వతో ఏం మాట్లాడినవ్ సిస్టర్?" అన్నాను.

"మందులెట్ల మింగాల్నో చెప్పిన."

"అంతసేపా?"

"మీ అవ్వకు చెవులు మందం. టీ తాగుతవా?"

అవ్వ చెవులు పాము చెవులు. సిస్టర్ నా వైపు చూడకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆమె అబద్ధమాడటం నేను చూసింది ఆ ఒక్కసారే. ఎంత చేతకాకుండా ఆడిందో చూసి నవ్వాలో భయపడాలో తెలియలేదు. నేను మళ్లీ అడగలేదు.

మొన్న బస్సులో వస్తున్నది ఆమె మట్టికే, ఆఖరి చూపుకు. ఆయాసం అని ఎవరికీ చెప్పకుండా కూర్చుని, కుర్చీలోనే పోయిందట. మట్టిచ్చి, ఇంటికి వచ్చి స్నానం చేసి కూర్చున్నాను. అవ్వ నాకు చాయ్ ఇచ్చి, ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుంది.

"సిస్టర్ పోయింది. ఇగ ఒట్టు లేదు" అంది.

"ఏం ఒట్టే?"

"మీ బాపును ఇంకెన్నొద్దులు గట్ల చూస్తవ్ కొడుకా? గా ఫొటో పని ఆయనది గాదు, నాది. దగ్గుల నెత్తురు పడ్డనాడే దవాఖానకు పోదాం పా అన్నడు ఆయన. నేనే ఆపిన. బయట ఫొటో తీపిచ్చి, 'ముందుగాల ఇది నీ పేరు మీద పోనియ్యి. పిలగానికి డ్యూటీ రానియ్యి. నేను మందులు మొదలువెడితె, బోర్డోళ్లు మల్ల ఫొటో అడిగినప్పుడు అది మంచిగొస్తది. అటెన్క మింగుత తీ' అన్న. ఆయన ఏడ్చిండు. తిండి మానేసిండు. నేనే ఒట్లు పెట్టి ఒప్పిచ్చిన. దగ్గు సుత నేనే నేర్పిన."

"అటెన్క అంటే ఎప్పుడే అవ్వా?"

"డ్యూటీ వచ్చినంక."

"అప్పటిదాక నువ్వు ఉంటవనుకున్నవా?"

అవ్వ చీర కొంగు సర్దుకుంది. "నీకు డ్యూటీ ఉంటుండె" అంది.

సిస్టర్‌కు ఇది తెలుసా అని అడిగాను. "తలుపేసుడుతోనే గదే అడిగింది, ఇది నీ తెలివా, ఆయన తెలివా అని. దాచలేకపోయిన. మస్తు తిట్టింది. ఆఖరికి నా చెయ్యి తన నెత్తి మీద పెట్టిచ్చుకున్నది. 'పిలగానికి చెప్పకు. బాపును తిట్టుకుంటనైన ఏదో ఒకటి చేసి బతుకుతడు. తల్లి తన కోసం సచ్చుడుకు తయారైందని తెలిస్తె ఇగ లేవడు' అన్నది. మీ బాపుకు సుత గదే చెప్పింది. ఆయన సరే అన్నడు."

ఊరందరి మీదా ఉన్న షక్కు ఆమెకు నా మీద కూడా ఉండేది. నాకు ఎవరి మీదో ఒకరి మీద కోపం కావాలని, ఆ కోపమే నన్ను నిలబెడుతుందని లెక్క వేసుకుని, మా బాపును నాకు ఒప్పజెప్పింది. ఆ కోపంతోనే ఆమె వెంట తిరిగాను, ఆ కోపంతోనే దేశం దాటాను. ఈ రోజు వైద్యం చేసే ప్రతి పద్ధతి దగ్గరా నేను మొదట అడిగే ప్రశ్న, ఇది మనుషుల చేత ఏ అబద్ధం ఆడిస్తుంది అని. అది నేను ఇంగ్లండులో నేర్చుకున్నది కాదు. ఆమె నన్ను నమ్మనిచ్చిన అబద్ధం వల్ల కూడా వచ్చినదే. సిస్టర్ మీద నాకు కోపం వచ్చింది, చెప్పలేనంత కోపం. మట్టిచ్చి వచ్చిన చేతులు ఆరకముందే కోపం వచ్చింది. ఆమె నన్ను అనుమానించి ఉండాల్సింది కాదు. కానీ ఆ వయసులో, ఆ వాకిట్లో, నాకు ఆ నిజం తెలిసి ఉంటే నేను లేచి నిలబడేవాణ్నా అంటే, నిలబడేవాణ్నని గుండె మీద చెయ్యి వేసుకుని ఈనాటికీ అనలేను.

బయట బాపు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆయన ఆశ్చర్యపోయి, కొంచెం జరిగి చోటిచ్చాడు.

"సిస్టర్ మంచి మనిషే గని," అన్నాడు కాసేపటికి, రోడ్డు వైపు చూస్తూ, "నా మీద మాత్రం ఆమెకు సచ్చేదాక షక్కు పోలే."

అవ్వ చెప్పేసిందని ఆయనకు తెలియదు. ఆ ఒట్టును ఇంకా కాపాడుతూనే ఉన్నాడు.

"నాకు పోయింది బాపు," అన్నాను.

ఆయన గభాలున వంటింటి వైపు చూశాడు. అవ్వ అక్కడ గిన్నెలు సర్దుతోంది, మా వైపు తిరగలేదు. బాపు భుజం మీది తువ్వాల తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. చాలాసేపటిదాకా తీయలేదు. నేను ఆయన వీపు మీద చెయ్యి వేసి, రోడ్డు మీద షిఫ్టు దిగి వస్తున్నవాళ్లకు ఆయన కనబడకుండా కొంచెం ముందుకు జరిగి కూర్చున్నాను.